షెడ్డు గేటు దగ్గర ఆగిన బస్సు

లీడర్‌షిప్ ట్రైనింగ్ అంటే చాలామందికి స్టేజీ, మైకు, సర్టిఫికెట్ గుర్తొస్తాయి. నాకు మాత్రం రొయ్యల వాసన గుర్తొస్తుంది. ఎందుకో చెబుతాను. మీరు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవాళ్లయితే మీ కాలేజీలోనూ ఇలాంటి కార్యక్రమం ఒకటి నడుస్తూనే ఉంటుంది కాబట్టి, మీకేమైనా పనికొస్తుందేమో చూడండి. పనికిరాకపోయినా పరవాలేదు. రిటైరైన లెక్చరరుకు వినేవాళ్లు దొరకడమే గొప్ప.

నేను ఎకనామిక్స్ చెప్పేదాన్ని. పుట్టింది బాపట్లలో, మిషన్ బడి పంతులుగారి అమ్మాయిని. ఇల్లు తెనాలిలో. ఉద్యోగం చివరి ఏళ్లు రేపల్లెలో. పొద్దున తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగడం, సాయంత్రం మళ్లీ అదే దారిన వెనక్కి. రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్లకి కాలేజీలో ఒక ప్రత్యేక గౌరవం ఉంటుంది. ఎవరికీ అక్కర్లేని పనులన్నీ వాళ్లకే అప్పగిస్తారు. అలా విద్యార్థుల నాయకత్వ శిక్షణకు నన్ను కోఆర్డినేటర్ని చేశారు. "మీకైతే ఓపిక ఉందండి మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. నాకు ఓపిక లేదన్న సంగతి నా క్లాసులో కూర్చున్న ఎవర్నడిగినా చెబుతారు.

కార్యక్రమం ఇదీ. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల నుంచి ఒక్కో జట్టు. ముందు బాపట్లలో అందరికీ కలిపి శిక్షణ. తర్వాత ఒక్కో జట్టూ తమ ప్రాంతంలో ఉన్న ఒక సమస్య ఎంచుకుని దాన్ని పరిష్కరించే ప్రయత్నం చేయాలి. చివర తెనాలిలో పెద్ద సభ. ఎవరేం చేశారో న్యాయనిర్ణేతల ముందు చెప్పుకోవాలి, బహుమతులుంటాయి.

బాపట్ల శిక్షణకు నగరం నుంచి ఒక ట్రైనరు వచ్చాడు. మన ఉక్కపోతలో కోటు వేసుకుని నిలబడ్డ అతని ధైర్యానికి నేను ముందే నమస్కారం పెట్టాను. నాయకుడంటే తల ఎత్తి నిలబడాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, గొంతు పొట్టలోంచి రావాలి అని చెప్పాడు. "మీ జట్టు లీడర్ ఎవరు?" అనగానే మావాళ్లంతా ఒక్క కుర్రాడినే చూపించారు. చెరుకుపల్లి వైపు వరి రైతు కొడుకు, డిగ్రీ చివరి సంవత్సరం. కాలేజీలో ఏ ఫంక్షన్ జరిగినా యాంకరింగ్ అతనిదే. కరెంటు పోయి మైకు ఆగినా అతని మాట ఆగదు. మంచివాడే. కాకపోతే ఏ పనైనా మొదలుపెట్టకముందే దాని విజయోత్సవ సభ అతని కళ్లముందు కనబడుతుంది.

జట్టులో ఒకమ్మాయి ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేది. బీయస్సీ రెండో ఏడు. సముద్రం వైపు బస్సు వెళ్లే ఆఖరి పల్లె వాళ్లది. తల్లి లేదు. తండ్రి పడవ మీద వేటకెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో మాటంతా నాయనమ్మది. శిక్షణ జరిగినన్నాళ్లూ ఆ పిల్ల తన పేరు తప్ప ఏమీ చెప్పలేదు, అదీ గుచ్చి గుచ్చి అడిగితే. నిజం చెప్పొద్దూ, జట్టులో ఆడపిల్లలు తక్కువయ్యారని నేనే ఆమెను చివర్లో చేర్చాను.

రేపల్లె వచ్చాక సమస్య ఎంచుకోవడానికి కూర్చున్నాం. ప్లాస్టిక్ నిర్మూలన అన్నాడు మా లీడరు. తెనాలీ బాపట్లా కూడా అదే చేస్తాయి, ఇంకోటి చెప్పండి అన్నాను. వెనక వరస నుంచి ఆ అమ్మాయి గొంతు "బస్సు, మేడమ్" అని వినిపించింది.

వాళ్ల ఊరికి మధ్యాహ్నం ఒక బస్సు, రాత్రి ఏడున్నరకి ఆఖరి బస్సు. ఆ ఆఖరిది రాత్రికి ఆ ఊళ్లోనే ఉండి పొద్దున్నే తిరిగొస్తుంది. కాలేజీలో ల్యాబులు సాయంత్రం దాకా ఉంటాయి. మధ్యాహ్నం బస్సుకెళ్తే ల్యాబు పోతుంది, రాత్రి బస్సు కోసం ఆగాలంటే చీకట్లో బస్టాండులో ఒంటరిగా నిలబడాలి. నాయనమ్మ దానికి ఒప్పుకోదు. ఆ దారిలో ఉన్న ఊళ్ల ఆడపిల్లలు ఒక్కొక్కరే అలాగే మానేశారట. ఈ పిల్లకు ల్యాబు హాజరు అప్పటికే తగ్గింది. ఇంకొంచెం తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇదంతా ఆమె తలొంచుకునే చెప్పింది. గొంతు పొట్టలోంచి రాలేదు కానీ, గదిలో అందరూ విన్నారు.

మా లీడరు ఆ సాయంత్రమే అర్జీ రాసేశాడు. ఏడున్నర బస్సును ఐదింటికి మార్చండి అని. మర్నాడు డిపో మేనేజరుగారి దగ్గరికి అందరం వెళ్లాం. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, అర్జీ చదివి, "టైము మార్చడమేగా, చూద్దాంలేమ్మా" అన్నారు. ఆఫీసులతో పరిచయమున్న నాకు ఆ చూద్దాం విలువ ఎంతో తెలుసు. మా కుర్రాడికి మాత్రం ఆర్డరు చేతికిచ్చినట్టే అనిపించింది.

రెండో రోజుకల్లా రేపల్లె బస్టాండు ఎదురుగా నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. "మా విన్నపాన్ని మన్నించి ఐదు గంటల బస్సు వేసిన డిపో మేనేజరుగారికి ధన్యవాదములు." పైన మేనేజరుగారు, పక్కన ప్రిన్సిపాల్‌గారు, కింద జట్టంతా, మధ్యలో నల్లకళ్లద్దాలతో మా లీడరు. ఒక మూలన నేను కూడా ఉన్నాను. జుట్టు నల్లగా ఉన్నప్పటి ఫొటో ఎక్కడ సంపాదించారో. ఆ అమ్మాయి ఒక్కతే ఫొటో ఇవ్వలేదు. కుర్రాడిని అని ఏం లాభం, మన ఊళ్లలో పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, పదో తరగతి పాసైనా ఫ్లెక్సీయే. పని కాకముందే కట్టడం మాత్రం మావాడి సొంత తెలివి.

మేనేజరుగారు ఫోన్ చేశారు. "మేడంగారూ, నేను బస్సు ఎప్పుడు వేశానండి? ఆ ఫొటో వాట్సాప్‌లో మా పైవాళ్లదాకా వెళ్లింది. నన్నడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

క్షమించమని అడిగాను. అది అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆ అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది. ఒకరోజు స్టాఫ్ రూము బయట కనబడింది, పుస్తకాల సంచీ లేకుండా.

"నాయనమ్మ చదువు మానేయమంది మేడమ్. టీసీ తీసుకోమంది."

"బస్సు కోసమేగా? చూస్తున్నాంగా" అన్నాను.

"బస్సు వల్లే మేడమ్. మా పిన్నీ వాళ్లూ రేపల్లె శివార్లో రొయ్యలు వలిచే షెడ్డుకెళ్తారు. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు అక్కడే. రాత్రి వచ్చేది ఆ ఆఖరి బస్సుకే. ఐదింటికి అది వెళ్లిపోతే వాళ్లు ఎలా వస్తారు? ఫ్లెక్సీ చూసిన కాణ్ణించి, చదువుకునే పిల్ల మన బస్సు మింగేసిందని అంటున్నారు. నేను ఇంకో బస్సు వేస్తారనుకున్నాను మేడమ్."

ఎకనామిక్స్ చెప్పేదాన్ని, ఉన్న ఒక్క బస్సును మనం లాక్కుంటే ఇంకెవరికి లేకుండా పోతుందో అడగాలని నాకే తట్టలేదు. "టీసీ సంగతి తర్వాత. ఆదివారం మీ ఊరొస్తాను" అన్నాను.

నేనూ, మా లీడరూ, మరో ఇద్దరు పిల్లలూ వెళ్లాం. తుఫాను షెల్టరు కింద నీడలో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మా కుర్రాడు లేచి అలవాటు కొద్దీ "సభకు నమస్కారం, వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టాడు. వేదికేమీ లేదు. ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

"ముందు కూర్చో నాయనా" అంది ఆ అమ్మాయి పిన్ని. "ఆ బొమ్మలో నల్లకళ్లద్దాలు పెట్టుకుంది నువ్వేగా? మా బస్సు తీసేయమని చెప్పింది కూడా నువ్వేనా?"

అతను ఎర్రబడి కూర్చున్నాడు. తర్వాత చాలాసేపు తిట్లే. నేను సర్దిచెప్పబోతే నాకూ కొన్ని పడ్డాయి. అవి అయిపోయి అందరూ అలిసిపోయాక ఆ అమ్మాయి పిన్ని పక్కన కూర్చుని మామూలుగా, ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"పిన్నీ, షెడ్డులో పని ఎన్నింటికి అయిపోద్ది?"

"ఆరింటికి అయిపోద్ది. బస్సు ఏడున్నరకి కదా అని మేస్త్రీ ఇంకో ట్రే తెచ్చి ముందరేస్తాడు. ఎలాగూ కూర్చునేగా ఉంటారంటాడు."

"దానికి వేరే కూలిస్తాడా?"

"ఏం కూలే, రోజు కూలి రోజు కూలే."

"మరి బస్సు ముందుకి మార్చమని ఎప్పుడూ అడగలేదా?"

"ఎవర్నడగాలే? అదెప్పుడొస్తే అప్పుడెక్కుతాం."

పిల్ల మిగతావాళ్ల వైపు తిరిగింది. ఒక్కొక్కర్నీ అడిగింది. నీ పిల్లలు ఎన్నింటికి నిద్రపోతారు, నువ్వెళ్లేసరికి అన్నం ఎవరు వండుతారు, నీకు మందు వేసుకునే వేళ దాటిపోతోందా అని. పొద్దుపోయి ఇల్లు చేరడం వాళ్లలో ఎవరికీ ఇష్టం లేదు. అప్పుడు అంది, "ఆరుంబావుకి బస్సు మీ గేటు దగ్గరికొస్తే? మేం కాలేజీలో ఆరుదాకా కూర్చుంటాం. మీరూ మేమూ ఒకే బస్సులో వద్దాం."

ఒక పెద్దావిడ అడిగింది, "మేస్త్రీ వదలకపోతే? బస్సెళ్లిపోద్ది. ఆనక ఇంకోటి లేదు. రాత్రంతా గేటు దగ్గర పడుండమంటావా?"

"నేనుంటాను కదా అత్తా బస్సులో. మీరెక్కేదాకా కదలనివ్వను."

స్తంభానికి ఆనుకుని అంతసేపూ వింటున్న నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది. "నలుగురిలో మాటిచ్చావు. అది నిలబడిందా, నీ ఇష్టం వచ్చినంత చదువుకో. వీళ్లలో ఒక్కరు గేటు దగ్గర మిగిలిపోయినా చదువు మాట మళ్లీ ఎత్తకూడదు." పిల్ల సరేనంది. బస్సును ఆపడం ఆమె చేతిలో ఉందా, నా చేతిలో ఉందా?

తర్వాతి పనులు అనుకున్నంత కష్టం కాలేదు. మా కుర్రాడు తనే నిచ్చెనెక్కి ఫ్లెక్సీ విప్పాడు. షెడ్డు ఆడవాళ్లు మాతో కలిసి డిపోకి వచ్చారు. మేనేజరుగారి ముందు పిన్ని మాట్లాడింది. మాకు నేర్పిన తిట్లన్నీ పక్కన పెట్టి చాలా మర్యాదగానే మాట్లాడింది. "మీకూ వాళ్లకీ గొడవ లేదుగా? అయితే కొన్నాళ్లు నడిపి చూస్తాను. తేడా వస్తే పాత టైమేనండి" అన్నారాయన. కాలేజీ లైబ్రరీ ఆరుదాకా తెరిచి ఉంచడానికి ప్రిన్సిపాల్‌గారు గునిశారు కానీ, నేనే కూర్చుంటానంటే కాదనలేకపోయారు.

బస్సు కొత్త టైముకు బయల్దేరే మొదటి రోజూ, తెనాలిలో మా పోటీ రోజూ ఒకటే అయ్యాయి. పరవాలేదులే, పోటీ పొద్దున్నే కదా, మధ్యాహ్నం రైలుకి వచ్చేయొచ్చు అనుకున్నాం. ముఖ్య అతిథి అనే మనిషి ఒకరుంటారని మర్చిపోయాం. ఆయన కారు కోసం సభ మధ్యాహ్నం దాకా ఆగింది. వచ్చాక దండలు, శాలువాలు, ఆయన బాల్యం. బాపట్ల జట్టు ప్లాస్టిక్ గురించి చెప్పింది, తెనాలి జట్టు కూడా ప్లాస్టిక్ గురించే చెప్పింది. మా వంతు ఎప్పటికొస్తుందో తెలియడం లేదు. ఆ పిల్ల గోడ గడియారం వైపు చూస్తూ చున్నీ అంచు నలుపుతోంది.

"మేడమ్, నేను రైలుకెళ్లాలి."

నిర్వాహకుణ్ణి అడిగాను. జట్టంతా స్టేజీ మీద ఉండకపోతే మార్కులు వేయరన్నాడు. మా లీడరు వైపు చూశాను. ఈ రోజు కోసం అతను తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. అమ్మానాన్నలు మూడో వరసలో కూర్చుని ఉన్నారు.

"నువ్వెళ్లు" అన్నాడతను ఆమెతో. "మేడమ్, మీరూ వెళ్లండి, తనతో ఎవరైనా ఉండాలి. మేం ఇక్కడ జరిగింది జరిగినట్టు చెప్తాం. ఫ్లెక్సీ సంగతి కూడా."

"మార్కులుండవురా" అన్నాను.

"లేకపోతే లేవండి. మైకైతే ఇస్తారుగా."

వాడి మీద నాకున్న విసుగంతా అప్పుడే పోయింది. తర్వాత విన్నాను, చాలా బాగా మాట్లాడాడట. బహుమతి బాపట్లకు వెళ్లింది.

రేపల్లెలో రైలు దిగి ఇద్దరం ఆటోలో బస్టాండుకి వెళ్లేసరికి ఆ ఒక్కరోజుకీ అటెండరు కాపలాతో లైబ్రరీలో కూర్చున్న పిల్లలు అప్పటికే బస్సెక్కి ఉన్నారు. నేనూ ఎక్కాను. "మేడమ్, మీరు వెనక్కెలా వెళ్తారు? ఈ బస్సు రాత్రికి అక్కడే ఉంటుందండి" అన్నాడు కండక్టరు టిక్కెట్టు చింపుతూ. ఆ సంగతి నాకు తట్టనే లేదు. వాళ్లింట్లో చాప వేస్తారులే అనుకున్నాను.

రేపల్లె దాటాక షెడ్డు వచ్చింది. బస్సు ఆగింది. గేటు మూసి ఉంది. బయట ఒక్కరూ లేరు.

డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. లోపల లైట్లు వెలుగుతున్నాయి, మనుషులు కదులుతున్నారు, గేటు మాత్రం తెరుచుకోలేదు. "రైట్ చెప్పవయ్యా" అన్నాడు కండక్టరుతో.

ఆ పిల్ల దిగి, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి నిలబడింది.

"బాబాయ్, మీరు వెళ్తే వాళ్లకి ఇంక బస్సు లేదండి. కొంచెం ఆగండి."

"మొదటి రోజే లేటైతే మమ్మల్నంటారమ్మా. ఎక్కు."

"ఎక్కనండి."

గొంతు పెంచలేదు. బతిమాలనూ లేదు. నేను లేవబోయాను. నాకంటే ముందే కాలేజీ పిల్లలు ఒకరి వెనక ఒకరు దిగి ఆమె పక్కన నిలబడ్డారు. ఎవరూ వాళ్లని దిగమనలేదు. మోకాళ్లు పట్టుకుని నేనూ దిగాను. బస్సులో వలల మూట వేసుకుని కూర్చున్న ఒకాయన "నన్ను కూడా దిగమంటారా ఏంటి?" అని గొణిగి, ఎందుకొచ్చిందిలే అన్నట్టు దిగాడు.

కండక్టరు ఖాళీ సీట్ల వైపు చూసి డ్రైవరుతో అన్నాడు. "ఇంక మనిద్దరమే అన్నా. పోదామా?" డ్రైవరుకు నవ్వొచ్చింది. ఇంజను ఆపేశాడు.

ఆ పిల్ల గేటు దగ్గరికెళ్లి తట్టింది. వాచ్‌మన్ తల బయట పెట్టాడు. "ఆఖరి బస్సొచ్చిందని లోపల చెప్పండి. వాళ్లు వచ్చేదాకా వెళ్లదని కూడా చెప్పండి" అంది. కాసేపటికి లోపల మేస్త్రీ గొంతు గట్టిగా వినబడింది, దానికంటే గట్టిగా పిన్ని గొంతు వినబడింది. "ఆ ట్రే రేపు వలుస్తాం" అంటోంది. చిన్న తలుపు తెరుచుకుంది. ఐసులో నానిన తెల్లటి చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటూ ఒక్కొక్కరే బయటికొచ్చారు. పిల్ల తలుపు దగ్గర నిలబడి, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని ప్రతి ఒక్కరినీ అడిగింది. అందరూ ఎక్కాకే తనెక్కింది. బస్సంతా రొయ్యల వాసన. నేను ఎన్నో సభల్లో కూర్చున్నాను, అంత సంతోషంగా ఎక్కడా కూర్చోలేదు.

ఊరు చేరేసరికి బస్సాగే చోట నాయనమ్మ నిలబడి ఉంది. దిగుతున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినీ పరకాయించి చూసింది. ఆఖరికి కోడల్ని అడిగింది.

"పిల్ల మీతోనే వచ్చిందా?"

"అది మాతో రాలేదత్తా" అంది పిన్ని. "మేమే దాంతో వచ్చాం."

ముసలావిడ మనవరాలి వైపు తిరిగింది.

"రేపు కాలేజీ ఉందా?"

"ఉంది నాయనమ్మా. ల్యాబు కూడా ఉంది."

"అయితే పొద్దున్నే లేపుతాను. పద, మేడంగారికి అన్నం పెడదాం."